పొయ్యి ఆరిన ఇంట్లో అవ్వ సామలు

నేను మేకల వెంట తిరిగే గుంటపిల్లగా ఉన్న రోజులు... మా ఇంట్లో పొయ్యి పగలూ రాత్రీ పొగ కక్కుతూనే ఉండేది. వంట కోసం కాదు... పైన వేలాడే ఆనపబుర్రల కోసం.

ఎండిన ఆనపకాయ బుర్రలో విత్తనం పోసి, మూతికి పేడా మట్టీ మెత్తి, దూలానికి కట్టేవాళ్ళు. పొగ పట్టి పట్టి అవి నల్లగా నిగనిగలాడేవి. ఆ ఘాటుకి ఎలుక దగ్గరికి రాదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. మొన్న అదే ఏదో చదివి వినిపించింది... కొండ మీది వాళ్ళకు శుభ్రం తెలియదట, అందుకే మా ఇళ్ళలో ఎలుకలట. రాసింది ఎవరో గాని, కాస్త కూర్చుని ఇది వినాలి.

పొలం ఎలుకనైతే బొరియ తవ్వి పట్టి, కాల్చుకుని తినేవాళ్ళం. ఇంటి ఎలుకను ముట్టేవాళ్ళం కాదు. దానికి మా అయ్య చిన్న పుల్ల మీద బండ నిలబెట్టి, కింద గింజలు వేసేవాడు. పుల్ల కదిలితే బండ పడేది. ఎన్ని చేసినా అసలు కాపలా పొగదే...

ఆ బుర్రల్లో ఒకటి మా అవ్వది, అంటే అయ్యను కన్న తల్లిది. పాచిపెంట పైకొండల్లోని పుట్టింటి నుంచి పెళ్ళినాడు తెచ్చుకున్న ఎర్రసామలు అందులో ఉండేవి. పొట్టి గింజ... వండితే తేనెపట్టు విప్పినట్టు వాసన. మా ఊళ్ళో ఇంకెవరికీ ఆ విత్తనం లేదు. ఆకలి నెలల్లో అడవి దుంపలు ఉడకబెట్టుకుని తిన్నాం గాని, ఆ బుర్ర ముట్టలేదు. విత్తనాల పండగ రాకుండా దాన్ని కిందికి దించకూడదు.

ఒక ఎండాకాలం అవ్వ జ్వరంతో పోయింది.

చావు జరిగిన ఇంట్లో పెద్దదినం అయ్యేదాకా పొయ్యి వెలిగించకూడదు... మా కట్టు అది. ఇరుగుపొరుగు అంబలి తెచ్చి పోసేవాళ్ళు. పెద్దవాళ్ళు ఏడుపుల్లో ఉన్నారు... నేనే ముందు చూశాను. దూలం మీంచి తాడు పట్టుకుని ఎలుక దిగుతోంది.

"అమ్మా, అవ్వ బుర్ర మీద ఎలక!"

అమ్మ కర్ర తీసుకుని అదిలించింది. అది పోయి ఇంకోటి వచ్చింది. ఇక ఆగలేక అమ్మ పచ్చి ఆకులు తెచ్చి పొయ్యిలో వేసింది. మా మేనత్త, అవ్వ పెద్దకూతురు, వచ్చి అమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"ఏటే సేత్తన్నావు? మాయమ్మ ఇంకా ఈ సూరు కిందే తిరగతంది... పొయ్యి రాజేత్తావా?"

"కూడొండను ఒదినా. పొగెడతానంతే. ఇత్తనం పోతాది. పోనీ పక్కింటి పొయ్యి మీదైనా కట్టేసొత్తాను."

"సావింటి వస్తువు ఎవులింట్లో ఎట్టనిత్తారే? నీకు గింజలెక్కువా, నా తల్లెక్కువా?"

"ఆ గింజలూ మీయమ్మవే కదొదినా!"

"నోర్ముయ్. కోడలివి, కోడల్లాగుండు."

అమ్మ ఆకులు తీసేసింది. కర్ర పట్టుకుని బుర్ర కింద కూర్చుంది. ఎంతసేపని కూర్చుంటుంది? నీళ్ళు మోయాలి, వచ్చినవాళ్ళను చూడాలి... కన్ను మూత పడకుండా ఉంటుందా?

పండగకి బుర్ర దించింది మేనత్తే. దూదిలా వచ్చింది చేతిలోకి. గోడ వైపు పెద్ద కన్నం... లోపల పొట్టు.

అత్త ఆ పొట్టు ఒళ్ళో పోసుకుని "ఓలమ్మా... ఓలమ్మా..." అని కూలబడింది. అవ్వ శవం దగ్గర కూడా అంతలా ఏడవలేదు.

తర్వాత గునపం తీసుకుని గోడ వారంతా తవ్వడం మొదలుపెట్టింది. అయ్య ఆపబోయాడు.

"తప్పుకోరా. మాయమ్మ గింజలున్నాయి అందులో."

బొరియ అడుగున గుప్పెడు దొరికాయి... తడిసి, బూజు పట్టి. వాటినే కడిగి, ఆరబెట్టి, పెరట్లో చల్లింది. తెల్లారితే చాలు, వెళ్ళి ఆ మట్టి పక్కన కూర్చునేది. ఒక్కటీ మొలవలేదు.

అయ్య అవ్వ పుట్టింటికి నడిచి వెళ్ళాడు. వాళ్ళు ఆ సామ చల్లడం ఎప్పుడో మానేశారట. ఉత్త చేతులతో వచ్చాడు. ఆ ఏడు పండగలో అమ్మోరి ముందు అమ్మ పెట్టిన విత్తనాల బుట్టలో పొరుగింటి సామలు...

మురికి అని రాసినవాళ్ళూ, విన్నారా? తల్లి పోయిన కూతురు పొయ్యి రాజెయ్యనివ్వలేదు. మా ఇంట్లోకి ఎలుకలు అలా వచ్చాయి. అత్తనూ నేను తప్పు పట్టను, అమ్మనూ పట్టను. ఇంకెవరు పట్టినా ఊరుకోను.

ఇప్పుడు మాది స్లాబు ఇల్లు, గ్యాసు పొయ్యి. ఎలుకలకు సంతలో జిగురు అట్టలు కొంటున్నాం. విత్తనం ప్యాకెట్లలో వస్తోంది... ఎర్రసామ అన్నం రుచి తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే, అలాంటి గింజ ఒకటి ఉండేదని చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు.

మీ ఇళ్ళలో ఇలా పోయిన గింజలేమిటో మీరూ చెప్పండి... ఏ కొండ మీదైనా, ఎవరింట్లోనైనా, పొట్టిగా ఎర్రగా ఉండే సామ గుప్పెడు కనిపిస్తే మాత్రం నాకు కబురు పెట్టండి. మీరు తేనక్కర్లేదు... నేనే వస్తాను. కొండ ఎక్కగలను ఇంకా.