గోడకు తగిలిన దెబ్బ

మా ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ సేవ చేయించుకున్నది ఏ రోగీ కాదు, మొదటి అంతస్తులో లిఫ్టు పక్కనున్న గోడ మూల. దానికి పొద్దున తుడుపు, సాయంత్రం తుడుపు, మధ్యలో పాలిష్, చుట్టూ నలుగురు నిలబడి పరామర్శ. సూరత్‌లో ఉధ్నా పేటలో ఉన్న ఆ ఆసుపత్రికి మెయింటెనెన్స్ చూసేది నేనే కాబట్టి ఆ మూలకు డాక్టరును కూడా నేనే. గొప్పకి చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను.

ఆసుపత్రి గోడలు ఊరికే పాడవవు. ట్రాలీలు గుద్దుతాయి. ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించుకుంటూ పోయేవాళ్ళు తలుపు చెక్కను చెక్కుకుంటూ పోతారు. భోజనాల బండి తెరిచి ఉన్న తలుపును కూడా ఒకసారి గుద్ది గానీ లోపలికి పోదు. రోగుల వెంట వచ్చినవాళ్ళు కింద కూర్చుని, గోడకు తల ఆనించి కునుకు తీస్తే, లేచేసరికి గోడమీద కొబ్బరినూనె గుండ్రంగా అచ్చుపడి ఉంటుంది. మెట్ల మలుపుల్లో పొగాకు కలిపిన మావా వక్క నమిలి ఉమ్మేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటికి మందు ఎవరికైనా తెలిసిందే. ట్రాలీ అంచు తగిలే ఎత్తులో గోడ పొడుగునా రబ్బరు పట్టీ, మూలలకు మెత్తటి తొడుగు, తలుపుల కింది సగానికి స్టీలు రేకు. ఇందులో పెద్ద చదువులు చదవాల్సిందేమీ లేదు.

మా మేనేజరుకు అవేవీ నచ్చలేదు. ఆయన అంతకుముందు హోటల్లో పనిచేసి వచ్చాడు. వచ్చిన రోజునే కారిడార్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగి, ముక్కు చిట్లించి, "ఆసుపత్రి ఆసుపత్రిలా కనిపించకూడదు" అన్నాడు. మరి దేనిలా కనిపించాలట, పెళ్ళి హాల్లానా? నేను మనసులో అనుకున్నంతా అయింది. లిఫ్టు దగ్గర్నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా గోడలకు నిగనిగలాడే చెక్క పలకలు తొడిగించాడు. మూలలు గుండ్రంగా ఉంటే మొరటుగా ఉంటాయట, కత్తితో కోసినట్టు ఉండాలట. అలాగే కోయించాడు. పాలిష్ వాసన పోకముందే వాటిమీద గీతలు పడ్డాయి.

రబ్బరు పట్టీ ముక్క ఒకటి తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. చచ్చిన పామును చూసినట్టు చూశాడు. "యే క్యా హై? బస్సులకు పెట్టుకుంటారు దీన్ని" అన్నాడు. కొన్నాళ్ళకు తనిఖీకి వచ్చినవాళ్ళెవరో గోడలకు పట్టీలు ఏవి అని అడిగారు. అప్పుడు పరుగెత్తి కొన్నాడు. కొని ఎక్కడ పెట్టించాడనుకున్నారు? ఛాతీ ఎత్తులో! అక్కడైతే చెక్క పలకల అతుకుకు సరిగ్గా కలిసి లైను బాగుంటుందట. ట్రాలీ తగిలేది తొడ ఎత్తులో సార్, ఛాతీ ఎత్తులో ఏ బండీ నడవదు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "తోసేవాళ్ళు చూసుకుని తోయాలి" అన్నాడు. గాడిద గుడ్డు.

చూసుకుని తోయించడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం తిట్లు. ఎవరి ట్రాలీ గోడకు తగిలితే వాడికి అందరి ముందూ చీవాట్లు. దాంతో తోసేవాళ్ళ చూపంతా గోడమీదే. ట్రాలీ మీద మనిషి దుప్పటి జారి నేల ఊడుస్తున్నా చూడరు గానీ, మూల దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబడతారు. రోగుల బారినుంచి గోడను కాపాడే ఆసుపత్రి సూరత్ మొత్తంలో మాదొక్కటే అని నేను క్యాంటీన్లో అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, మా అమ్మ అదే ట్రాలీ మీద పడుకునేదాకా.

మా ఇల్లు లింబాయత్‌లో, తెలంగాణ నుంచి నేతపనికి వలసొచ్చినవాళ్ళ గల్లీలో. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు, ఆ సాంచెల చప్పుడులోనే పెరిగాను. నాన్న పోయాక కూడా అమ్మ కండెలు చుట్టే పని మానలేదు. కింద బాసింపట్టు వేసుకుని కండెల మిషన్ ముందు కూర్చుంటే ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేవదు. తినడం కింద కూర్చునే, పక్కింటివాళ్ళతో కబుర్లు కింద కూర్చునే, పోట్లాట కూడా కింద కూర్చునే. కుర్చీ వేసి కూర్చోమంటే "నేనేమన్న పట్వారినా?" అని కసిరేది.

అలాంటి మనిషి ఒకరోజు నీళ్ళు పట్టేచోట నాచుమీద జారిపడింది. లేవలేకపోతే మా ఆసుపత్రికే తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి నాకు విడమరిచి చెప్పాడు. తుంటి ఎముక చిట్లింది గానీ పక్కకు జరగలేదు. ఉన్నది ఉన్నట్టుంటే స్క్రూలు బిగిస్తే చాలు, కొన్నాళ్ళకు మునుపటిలా కింద కూర్చోవచ్చు. జరిగిందంటే మాత్రం తుంటి బంతి తీసేసి కొత్తది వేయాలి, ఆ తర్వాత ఇక కింద కూర్చోవడమనే మాటే మరిచిపోవాలి. "థియేటర్‌కు తెచ్చేటప్పుడు కుదుపు తగలనివ్వకండి" అని మరీ మరీ చెప్పాడు.

అదంతా తెలుగులో చెబితే అమ్మ ఒక్క ముక్కే పట్టుకుంది. "కింద కూసోనిస్తరు గద బిడ్డా? గదొక్కటి చాలు నాకు. ఇంకేమద్దు."

"కూసుంటవే అమ్మా. ఎప్పటిలెక్కనే కూసుంటవు" అన్నాను.

మర్నాడు పొద్దున ఆపరేషన్. ట్రాలీకి ముందొకడు, వెనకొకడు. నేను పక్కన నడుస్తూ "జర మెల్లగ భాయ్, జర మెల్లగ" అంటూనే ఉన్నాను. మెల్లగానే తోశారు, అబద్ధమెందుకు. లిఫ్టు దగ్గర మలుపు తిరగాలి. సరిగ్గా అక్కడే మేనేజరు నిలబడి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన్ని చూడగానే ముందున్నవాడికి తిట్లు గుర్తొచ్చాయి. మూల దగ్గరవుతోందని భయపడి ట్రాలీని ఒక్కసారిగా అవతలికి గుంజాడు. ఆ సంగతి వెనకవాడికేం తెలుసు, వాడు తోస్తూనే ఉన్నాడు. ట్రాలీ అడ్డంగా తిరిగి, దాని వెనక అంచు పోయి పోయి ఆ చెక్క మూలకే ఢామ్మని కొట్టుకుంది. అమ్మ ఎగిరిపడింది. "అవ్వో! సచ్చిపోయిన బిడ్డో!" అని కేక పెట్టింది.

మేనేజరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "వాగ్యూ? వాగ్యూ?" అని ఒకటే కంగారు.

ఇన్నేళ్ళున్నా అమ్మకు గుజరాతీ రాదు. మా గల్లీలో తెలుగు, బజార్లో హిందీ, వాటితోనే ఆమెకు గడిచిపోయింది. నొప్పికి మొహం పాలిపోయి ఉన్నా కళ్ళు మాత్రం ఎర్రజేసింది. "ఎవడ్రా వీడు? నేను వాగుతున్ననంటడేంది? బొక్క ఇరిగి పండుకున్నదాన్ని, నొప్పి లేస్తె ఒర్రద్దా? వాగుతున్ననంట! వీని నోట్లె మన్నువడ!"

"వాగుడు గాదమ్మా. గుజరాతీల దెబ్బ తాకిందా అని అడుగుడు."

అమ్మ ఒక్కసారిగా మెత్తబడిపోయింది. అంత నొప్పిలోనూ సిగ్గుపడింది. "అయ్యో, గట్లనా? పాపం, గంత పెద్దమనిషి ఉరికొచ్చిండు. నేనేమో నోరు జారితి. ఏం తాకలే సార్ అని చెప్పు బిడ్డా."

చెబుదామనే తిరిగాను. ఆయన మాకు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. జేబురుమాలు ఉమ్మితో తడిపి చెక్క మూలను రుద్దుతున్నాడు. ట్రాలీవాడికేసి చూసి మళ్ళీ అడిగాడు, "క్యాం వాగ్యూ?" అని. ఎక్కడ తగిలింది అని. వాడు పలక మీద సొట్టను చూపించాడు. అమ్మ ఉన్న వైపుకు ఆ మనిషి తల కూడా తిప్పలేదు. ఛీ, అదీ ఒక పుట్టుకేనా! అమ్మ ట్రాలీ మీద ఉండబట్టి నేను నోరు మూసుకుని ముందుకు నడిచాను.

థియేటర్లో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఎముక జరిగింది. డాక్టరు బయటికి వచ్చి దారిలో కుదుపు తగిలిందా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. "మరి ఆవిడ ఏమీ తగల్లేదంటున్నారే. ఎవరో సార్ వచ్చి అడిగారని కూడా చెబుతున్నారు" అన్నాడు. ఒక్కోసారి దానంతటదే జరగవచ్చు అని నీళ్ళు నమిలి లోపలికి పోయాడు. అమ్మకు బంతి మార్చారు.

అమ్మ ఇంకా లోపల ఉండగానే నాకు మేనేజరు ఫోను. ఎలా ఉందని అడగడానికేమో అనుకున్నాను, నా వెర్రి కాకపోతే! "వడ్రంగిని పిలిచావా? సాయంత్రానికల్లా ఆ మూల కొత్తదానిలా ఉండాలి" అన్నాడు. పిలిచాను. ఏం చేస్తాను, ఉద్యోగం. సాయంత్రానికి మూల నిగనిగలాడింది. ముగ్గురు నలుగురు వచ్చి చూసి బాగుందన్నారు కూడా.

ఇప్పుడు అమ్మ కుర్చీలో కూర్చుంటుంది. కండెల మిషన్ పక్కింటావిడకు ఇచ్చేసింది. కంచం స్టూలు మీద పెడితే నాలుగు ముద్దలు తిని చాలంటుంది. చూడ్డానికి ఎవరు వచ్చినా ఒకటే కథ. "గంత పెద్ద సారు, ఫోను వట్టుకోనే ఉరికొచ్చి, దెబ్బ తాకిందా అవ్వా అని అడిగిండు. నేనే ఆగమాగమై ఆయన్ని తిడితి." చెప్పిన కొద్దీ ఆ సారు మంచితనం పెరుగుతూ వచ్చింది. కొన్నాళ్ళకు ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నేను పళ్ళు కొరుక్కుంటూ లోపలికి పోయేవాణ్ణి.

ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతుంటే ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. సకినాలు. అవి కింద బట్ట పరిచి, ముందు కూర్చుని, పిండి చేత్తో చుట్లుగా తిప్పాల్సినవి. ఈమె మంచం మీద బట్ట పరుచుకుని, వాకర్‌కు నడుము ఆనించి, నిలబడే వంగి వంగి తిప్పిందట. "సారుకియ్యి. తిట్టిన గద, నాకు పాపం తగుల్తది" అంది.

"ఆయన నిన్నడగలేదే అమ్మా! గోడనడిగిండు. గోడను!" అని అరిచాను. రుమాలు సంగతి, సొట్ట సంగతి, వడ్రంగి సంగతి, ఒక్కటి మిగల్చకుండా కక్కేశాను.

తిడుతుందనుకున్నాను. గల్లీ మొత్తం భయపడే నోరు ఆమెది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నన్నెవ్వరు అడగలేదా బిడ్డా?"

"అడగలేదమ్మా."

ఇప్పుడు మా ఇంటికి ఎవరు వచ్చినా అమ్మ ఆసుపత్రి ఊసెత్తదు. కాలికేమైందని వాళ్ళే అడిగితే, జారిపడ్డ అంటుంది.