రేడియో మింగిన కొస చరణం

చింతకింది సాయిలు గారు ఇక లేరు. మొన్న పెద్దపల్లి హైస్కూల్లో పిల్లలకు ఛందస్సు చెబుతుండగా కొత్తపల్లి నుంచి సైకిలు మీద మనిషి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, “పంతులూ, మా సాయిలు పెద్దనాయిన పోయిండు” అన్నాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ ముందటి వారమే వారి ఇంట హార్మోనియం ముందు కూర్చుని, శ్రుతి తప్పినందుకు కడుపునిండా తిట్లు తిని వచ్చినవాణ్ణి. అంతగా తిట్టగలిగిన గొంతు మూగబోయిందంటే ఎట్లా నమ్మడం?

నేతగాని ఇంట పుట్టి, మగ్గం మీద బతికి, యావజ్జీవితం కొత్తపల్లి భజన మండలిని నడిపిన మహనీయుడాయన. నాకు సంగీతగురువు. లోకాచారం ప్రకారం ఆయనను శాంతమూర్తి అనీ మృదుభాషి అనీ రాయాలి. అట్లా రాస్తే చితి మీది నుంచి లేచి వచ్చి నా వీపు పగలగొడతారు. ఆయన కోపిష్ఠి. ఆ కోపానికి మూలం ఒక్కటే: పాట వినిపించి, అది ఎవరి పాటో చెప్పని రేడియో. చాలామంది దాన్ని ముసలితనపు చాదస్తం అన్నారు. కాదు, అది ధర్మాగ్రహం. ఆ మాట చెప్పడానికే ఈ నివాళి.

మా వైపు భజనలో ఒక కట్టుబాటు ఉంది. పాట కట్టినవారి పేరూ ఊరూ కొస చరణంలో వస్తాయి. ముందు దేవుడు, కొసకు మనిషి. ఆ చరణం ముగిసేదాకా హారతి వెలగదు, ప్రసాదం కదలదు, కూర్చున్నవారు లేవరు. ఒక శివరాత్రినాడు ఊరి పట్వారీ ఆలస్యంగా దయచేసి, తనకు వేరే పనులున్నాయి, హారతి కానియ్యండని చెయ్యి ఊపాడు. నిజాం పోయినా ఆ చేతికి అలవాటు పోలేదు. జనం లేవబోయారు. సాయిలు గారు ఆయన వంక కన్నెత్తైనా చూడక కొస చరణం నిదానంగా పాడి, మళ్ళీ ఒకసారి పాడి, అప్పుడు తాళాలు కింద పెట్టి అన్నారు:

“పట్వారీ సాబ్, పేరు లేకుంట పట్టా రాస్తవా నువ్వు? గీ పాట గూడ ఒకలదే.”

పట్వారీ హారతి తీసుకునే వెళ్ళాడు.

ఆ రాత్రి పాడిన పాట సాయిలు గారిది కాదు, వారి అక్కగారు రాజవ్వది. చిన్ననాడే భర్త పోయి పుట్టింటికి చేరి, తల్లి లేని తమ్ముణ్ణి కన్నబిడ్డలా సాకిన తల్లి ఆమె. అక్షరం ముక్క రాదు. రాట్నం ముందు కండెలు చుడుతూ పాటలు కట్టేది. “పడుగు వేసి పోయెనయ్య దేవుడు, పేక నాకు విడిచి పోయెనయ్య” అని ఎత్తుకుంటుంది ఆ పాట. నిలువు దారాలు ఆయనవి, అడ్డం దారాలు నావి, బట్ట ఎట్లా వస్తుందో చూద్దామని దేవుడితో నేతగత్తె వాదం. ఇంతకన్నా గొప్ప వేదాంతం నేను పెద్ద పుస్తకాల్లో కూడా చదవలేదు. తన పేరు పెట్టుకోవడానికి ఆమె సిగ్గుపడితే, కట్టినోళ్ల పేరు లేకుంటే నేను పాడనని తమ్ముడు అలిగి కూర్చుని పెట్టించాడట. “కొస కలిపి ముడి వేసె కొత్తపల్లి రాజవ్వ, ముతక చీరె నీకు మొక్కి పెట్టెనయ్య.” ఆ పేరు నలుగురి చెవినా పడాలన్నది సాయిలు గారి ఏకైక కాంక్ష. తనకంటూ ఆయన ఏదీ కోరుకోగా నేను చూడలేదు.

రేడియో కేంద్రం వారు పల్లెపాటలు సేకరించడానికి యంత్రంతో పెద్దపల్లికి వచ్చినప్పుడు ఆ కాంక్ష నెరవేరినట్టే అనుకున్నాం. సాయిలు గారు పాడారు. పాట ఎవరిదో, ఏ ఊరో విడమరచి చెప్పారు. వచ్చిన ఉద్యోగి బ్రహ్మాండంగా తల ఊపాడు. ప్రసారమయ్యే సాయంత్రం ఊరి రేడియో ఉన్న కొత్తపల్లి పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. రాజవ్వ పెట్టెలోని చీరె తీసి కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

“ఇప్పుడొక భక్తిగీతం వింటారు” అన్నది రేడియో. అంతే. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఏ ఊరిది, ఏమీ లేదు. పోనీ, కొస చరణంలో పేరు ఉంది గదా, దాన్నెవడు ఆపుతాడని అందరం ఓపిక పట్టాం. కొస చరణానికి ముందు హార్మోనియం మెట్లు వినిపించాయి. అక్కడికి పాట సన్నగిల్లి, సన్నగిల్లి, ధరవరలు మొదలయ్యాయి. జమ్మికుంటలో పత్తి ధర ఎంతో ఒక్క తప్పు లేకుండా చదివారు మహానుభావులు.

రాజవ్వ కొంగు సవరించుకుంటూ “అయిపాయెనా?” అని అడిగింది.

ఛీ! ఇప్పుడు తలచుకున్నా రోత పుడుతుంది. వంతెనకు కొబ్బరికాయ కొట్టిన మంత్రి పేరు బిరుదులతో సహా చెప్పడానికి వీరికి నోరుంటుంది. మంత్రి వెంట ఎవరెవరు నడిచారో చెప్పడానికీ తీరిక ఉంటుంది. ఒక పాట కట్టిన మనిషి పేరు చెప్పడానికి మాత్రం నాలుక మడత పడుతుంది. చెట్టున కాసిందా పాట? వానకు మొలిచిందా? సాయిలు గారు ఊరికే అనేవారు కాదు: “జమ్మికుంట మార్కెట్ల పత్తి కుప్పకు గూడ రైతు పేరు పిలుస్తరు. పాట అంతకన్న అగ్గువాయెనా?”

ఊరుకునే మనిషి కాదు గదా. నన్ను వెంటబెట్టుకుని రైలెక్కి నగరంలోని ఆ కేంద్రానికే వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు, పాట చాలా బాగుందని పొగిడాడు. శ్రోతలకు కావలసింది పాట గాని పేరు కాదండీ అని మెత్తగా సెలవిచ్చాడు. అంతటితో ఆగక ఒక ఉపాయం కూడా చెప్పాడు. “పేరు అంత ముఖ్యమైతే మొదటి చరణంలోకి మార్చి పాడండి. మళ్ళీ రికార్డు చేస్తాం.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒప్పుకుంటారనే అనుకున్నాను. ఎంత చిన్న మార్పు! సాయిలు గారు టీ తాగకుండానే కప్పు పక్కకు జరిపారు.

“ముందుగాల పేరు బెడితె దేవునికంటె ముంగట మా అక్కను కూసోబెట్టినట్టయితది. ఆమె గట్ల కూసునే మనిషి గాదు. పాట మొత్తం ఇనుండ్రి సార్. మేం మీ మాట మొత్తం ఇంటలేమా?”

అధికారి నవ్వి గడియారం చూసుకున్నాడు. తిరుగు రైలు కాజీపేట చేరింది. అక్కడ సాయిలు గారు నా వైపు తిరిగి, ఇంటికి పోయి అక్కకు ఏమని చెప్పాలె పంతులూ అన్నారు. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది అప్పుడే.

అటు తర్వాత రేడియోలో ఆ పాట ఎప్పుడు వచ్చినా ఆయన మగ్గం దిగి పంచాయతీ ఆఫీసు ముందుకు నడిచేవారు. రేడియో కొస చరణం మింగగానే, ధరవరలు వినబడకుండా గొంతెత్తి ఆ చరణం తాను పాడేవారు. పాడి, చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయేవారు. ధరలు వినడానికి వచ్చిన రైతులు మొదట్లో విసుక్కున్నారు. కుర్రకారు నవ్వింది. రానురాను రైతులే ఆ నాలుగు నిమిషాలు రేడియో గొంతు తగ్గించి పెట్టడం నేర్చుకున్నారు. కొత్తపల్లివారికి ఉన్న ఈపాటి ఇంగితం అంత పెద్ద కేంద్రానికి లేకపోయింది.

ఇక మిగిలింది చెప్పడానికే నాకు అసహ్యంగా ఉంది. సాయిలు గారు పోయారని కొత్తపల్లి సర్పంచ్ సదుద్దేశంతోనే కేంద్రానికి కబురు పెట్టాడు. నిన్న సాయంత్రం ప్రత్యేకంగా పాట వేస్తారని తెలిసి రాజవ్వను అరుగు మీద కూర్చోబెట్టాం. అన్నేళ్ళూ పేరు చెప్పని ఆ నోరు నిన్న చెప్పింది. ఎంత గంభీరంగా చెప్పింది! “స్వయంగా రచించి, గానం చేసిన కీర్తిశేషులు శ్రీ చింతకింది సాయిలు” అన్నది. బతికినన్నాళ్ళు ఏ పేరు కోసం ఆయన గొంతు చించుకున్నారో ఆ పేరు చెరిపి, దాని మీద ఆయన పేరే రాశారు. శవానికి దొంగసొమ్ము కప్పి సాగనంపారు. పాట మొదలైంది. కొస చరణం యథాప్రకారం మాయమైంది.

నేను పళ్ళు కొరికాను. రాజవ్వ మాత్రం తమ్ముడి గొంతు ఆగిన రేడియో వంకే చూస్తూ కూర్చుంది.

“వాని పేరన్న జెప్పిండ్రు బిడ్డా, నాకు గది చాలు” అన్నది. కళ్ళు తుడుచుకుని, “గని వాడే ఉంటె గీ రేడియో పలగ్గొడుతుండె” అన్నది.

అవును, పగలగొట్టేవారే. ఆ చేతులు ఇక లేవు. కొస చరణం అందుకునే ఆ గొంతు మాకు మళ్ళీ దొరకదు. శిష్యుణ్ణి, నాకు అంత గొంతు లేదు. ఉన్నది కలం. గురువుగారికి నేనిచ్చుకోగల తిలోదకం ఇదొక్కటే, వారు పదేళ్ళు అడిగినా ఆ కేంద్రం చెప్పని నాలుగు ముక్కలు:

మీరు ఇన్నాళ్ళూ రేడియోలో విన్న పాట “పడుగు వేసి పోయెనయ్య దేవుడు.” పాడినవారు చింతకింది సాయిలు. కట్టినవారు వారి అక్క, కొత్తపల్లి రాజవ్వ.