కత్తెర ఇచ్చేస్తానన్న మనిషి

మా పిన్ని ముప్పై ఏళ్ళుగా చొక్కాల గుండీలకు కాజాలు కుడుతోంది. చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డవాడు కాలరు చూసుకుంటాడు, జేబు చూసుకుంటాడు. కాజా వైపు ఎవడూ చూడడు. పిన్ని బతుకూ అంతే. వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మ. అసలు పేరు అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

పిన్ని పనిచేసే దర్జీ కొట్లోనే నాది ఇస్త్రీ బల్ల. మధ్యలో పెద్ద బల్ల కటింగ్ మాస్టరుది. పిన్నిది కిటికీ పక్కన ముక్కాలి పీట. ఫోను కొనుక్కున్నాక ఆమె చేతికుట్టు పనివాళ్ళ గ్రూపులో చేరింది. ఎక్కడెక్కడివాళ్ళో తాము కుట్టినవి అందులో ఫొటోలు పెడతారు. పిన్ని కళ్ళజోడు సర్దుకుని ఒక్కో కుట్టూ పరీక్షిస్తుంది. "ఈవిడ దారం మరీ బిగలాగుతోంది, ఇంట్లో ఎవరి మీదో కోపం" అంటుంది. మొహం చూడకుండానే మనిషిని చెప్పేస్తుంది.

వాళ్ళలో ఒకామె తన ఫొటో బదులు దారపు ఉండ బొమ్మ పెట్టుకుంది. పిన్ని ఆమెకు దారపుండ అని పేరు పెట్టింది. ఆరు నెలలుగా ఆమె పని రోజూ చూస్తోంది గాని ఒక్క మాటా కలపలేదు.

ఒకరోజు పొద్దున్న దారపుండ తన కత్తెర ఫొటో పెట్టింది. పాత ఇనుప కత్తెర, బొటనవేలు పట్టే చోట గుడ్డ చుట్టి ఉంది. కింద ఇలా రాసింది: "ఇరవై రెండేళ్ళు నాతో ఉంది. ఎవరు అడిగితే వాళ్ళకి పంపిస్తాను. ఇక నాకు దీంతో పని లేదు. అందరికీ సెలవు."

దాని కింద బారులు తీరారు జనం. నాకు పంపండి, నాకు పంపండి, మీ మనసు బంగారం. మధ్యమధ్య పువ్వుల బొమ్మలు.

పిన్ని చేతిలో సూది ఆగింది. "ఒరేయ్, ఇలా వచ్చి ఇది చూడు."

చూశాను. "మంచిదేగా పిన్నీ, దానం చేస్తోంది."

"దానమా, నీ మొహమా! కత్తెర ఎవరైనా ఇస్తారట్రా?"

బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. మా పనిలో సుద్ద ఇస్తారు, టేపు ఇస్తారు, కత్తెర ఇవ్వరు. అది ఎవరి చేతికి వాళ్ళదే. మాస్టరుది ముట్టుకుని నేనోసారి నానా తిట్లూ తిన్నాను. పని మానేసినవాళ్ళు కూడా నూనె రాసి, గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున దాచుకుంటారు.

"చెల్లెమ్మా, ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ నీకెందుకు?" అన్నాడు మాస్టరు తలెత్తకుండా. "ముందు ఆ ఆరు చొక్కాలూ కానియ్యి."

నేనూ వంత పాడాను. "అంతా నాటకం పిన్నీ. నలుగురూ అయ్యో అనాలని రాస్తారు. రేపు ఇంకో కత్తెర పెడుతుంది, చూడు." నేను చదివిన పుస్తకాలు నాకు మనుషుల్ని నమ్మొద్దనే నేర్పాయి. లేదా వాటిలో నేను ఏరుకున్నది అదొక్కటేనేమో.

పిన్ని తన రేకు డబ్బా తెరిచి, అడుగున ఉన్న మూట విప్పింది. అందులో ఒక కత్తెర.

"నా పెళ్ళికి ముందు ఇంకో కొట్లో చేసేదాన్ని. ఇది నా పక్క మిషనామెది. ఓ శనివారం 'నువ్వు వాడుకోవే' అని నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఎగిరి గంతేశాను. సోమవారం దీంతోనే గుడ్డ కత్తిరిస్తుంటే కబురొచ్చింది, ఆవిడ ఇక లేదని." మళ్ళీ మూట కట్టింది. "ఎందుకిస్తున్నావే అని ఒక్క మాట అడగలేదురా."

మాస్టరు కత్తెర చప్పుడు ఆగిపోయింది.

అయినా ఎవరికైనా చెప్పాలా వద్దా అన్నది పిన్ని తేల్చుకోలేకపోయింది. ఫోను తీస్తుంది, ఒళ్ళో పెట్టుకుంటుంది. "పొరపాటైతేనో? ముక్కూమొహం తెలియని ఆవిడ ఇంటి మీదికి మనుషుల్ని పంపి, పదిమందిలో తలవంపులు తెచ్చినదాన్నవుతాను." పావుగంట ఇదే తంతు. చివరికి ఫోను నా చేతిలో పెట్టింది. "తప్పయితే తిట్లు నేను తింటాను. ఒప్పయి కూడా ఊరుకుంటే ఎవరేం తిని ఏం లాభం? కానియ్యి."

ఫిర్యాదు చేసే చోట నొక్కాను. మోసమా, బూతా, ప్రకటనా అని ఫోను వరసగా అడిగింది. ఆఖర్న ఉంది: ఈ వ్యక్తి ప్రాణానికి ప్రమాదం ఉండవచ్చు. నా వేలు దాని మీద ఆగింది.

"నొక్కరా."

నొక్కాను. గ్రూపు నడిపే ఆమెకూ రాశాం. దారపుండ ఏదో పోటీలో గెలిస్తే ఈమే బహుమతి పంపిందట, అందుకని ఆమె దగ్గర చిరునామా ఉంది. పోలీసులకు ఇప్పుడే ఫోను చేస్తున్నానంది. ఆ తర్వాత పిన్ని చెప్తుంటే దారపుండకే రాశాను: "అమ్మా, నేను కాజాలు కుడతాను. నీ కత్తెర నాకొద్దు. నువ్వెలా ఉన్నావు?"

జవాబు లేదు. మధ్యాహ్నం పిన్ని అన్నం ముట్టలేదు. గుండీ పట్టనంత చిన్న కాజా కుట్టి, విప్పేసింది. నేను ఒక తెల్ల చొక్కా కాలరు కాల్చాను. మాస్టరు చూసి కూడా ఏమీ అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నాలుగింటికి ఫోను టింగుమంది. పైకి చదివాను: "అసలెవరు మీరు? మా గుమ్మం ముందు పోలీసులు! పక్కింటివాళ్ళు పనులు మానుకుని చూశారు. మా అక్క ఏడుస్తూ ఊడిపడింది. నా బతుకులో వేలు పెట్టడానికి మీకేం హక్కుంది?"

ఇంకా చాలా ఉంది. చదువుతూ పిన్ని మొహం చూడలేకపోయాను. తీరా తలెత్తితే, పిన్ని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది.

"తిడుతోందిరా! ఎంత చక్కగా తిడుతోందో! ఇంకా ఉందా? చదువు, చదువు."

"గొంతులో బలం ఉంది చెల్లెమ్మా" అన్నాడు మాస్టరు, ఆమె గొంతు ఎప్పుడూ వినకపోయినా. టీ తెప్పించాడు. వాదించి ఓడిపోయి అంత తేలికపడటం నాకు అదే మొదలు.

కొట్టు కట్టేసే వేళకు ఇంకోటి వచ్చింది. "కోపంలో ఏదో రాశాను. అక్క ఇక్కడే ఉంటానంటోంది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. పొద్దున్న ఏం అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. కత్తెర మాత్రం ఎవరికీ పంపడం లేదు."

పిన్ని ఆ కత్తెర ఫొటో మరోసారి చూసింది. "రాయి. 'దానికి చుట్టిన గుడ్డ వదులైంది, ఫొటోలో చూశాను. కొత్తది చుట్టుకో.'"

"అంతేనా?"

"అంతే. నా తిట్లు నేను తిన్నాను." కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ సూది అందుకుంది. "ఆ కాలరు కాల్చిన చొక్కా తాలూకువి నువ్వు తిను."