పోగులు తిన్న బొటనవేలు

మా అత్త పోయిన శనివారం పొద్దున కాలం చేసింది. పొయ్యిలోని బూడిద మూకుడులోకి తీసి పెట్టమని నాకు చెప్పి, తాను పోయి మగ్గం దగ్గర కూర్చుంది. నేను మూకుడు పట్టుకొని వచ్చేసరికి పడుగు మీదికి వాలి ఉంది. రెండుసార్లు పిలిచాను. పలకలేదు.

సిద్దిపేటలో మా వాడలో ఆమెను ఎరగని వాళ్లు లేరు. ఐదారేండ్ల కింద ఆమెను చూసి ముఖం తిప్పుకోని వాళ్లు కూడా లేరు. ఆ సంగతి రాయడానికే కాగితం పట్టుకున్నాను. నేను నాలుగో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు, రాయడం మాత్రం చేతనవును. ఆ రాతతోనే ఒక తప్పు కూడా చేశాను. అది కూడా చెబుతాను.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోతే, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగే తీసుకొని అతకాలి. బొటనవేలు, చూపుడువేలు బూడిదలో అద్దుకొని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పాలి. ఒక పడుగుకు వేల పోగులు. మా అత్త పెండ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పనే చేసింది. మామ పోయిన తర్వాత ఇంకా ఎక్కువ చేసింది. వాడలో ఎవరింట్లో పడుగు అయిపోయినా ఆమెకే పిలుపు వచ్చేది. చేసి చేసి ఆమె బొటనవేలు గాజుపెంకులాగా నున్నగా అయింది. నిప్పు కణికను ఆ వేళ్లతోనే తీసి చుట్ట ముట్టించుకునేది.

నేను కుకునూరుపల్లి నుంచి కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఒకసారి పోగు తెగితే, తొందరలో పక్క పోగుకు కట్టేశాను. ఆమె వచ్చి చూసింది.

"ఓ పిల్లా, తెగిందేది, నువ్వు కట్టిందేంది? తెగిన పోగును తెగిన జాగలనే అతకాలె. పక్కదానికి కడితే బట్ట పొడుగూతా తప్పు కనవడ్తది."

నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి.

"గీడ ఏడ్వకు, పోగులు తడుస్తయి. బయట ఏడ్చి రాపో" అంది. నేను బయటికి పోయి ఏడవలేక నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా వాడకు టౌను కమిటీ మెంబరు ఎన్నిక వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన నూలు డిపో నడిపేవాడు, ఇంకొకడు రంగుల కార్ఖానా యజమాని. డిపో ఆయన గెలిచాడు. ఓడినవాడు ఈ ఎన్నిక చెల్లదని కచ్చేరిలో అర్జీ వేశాడు. తనకు ఓటు వేయకపోతే నూలు బంద్ చేస్తానని డిపో ఆయన బెదిరించాడని, ముప్పై ఇండ్ల వాళ్లు సాక్ష్యం చెప్పినట్టు ఆ అర్జీలో ఉంది. కింద ముప్పై వేలిముద్రలు ఉన్నాయి. డిపో ఆయన ఎవరినీ బెదిరించలేదు. ఆ ముప్పై మందిలో ఒక్కరు కూడా ఆ కాగితం కండ్లతో చూడలేదు. ఇల్లు మా అత్త పేరు మీద ఉంది, వాడకు పెద్ద కూడా ఆమే. అందుకని కార్ఖానా వాడు మొదటి పేరు ఆమెదే రాశాడు.

మొదటి పేరు ఆమెది కాబట్టి ఇల్లిల్లూ తిరిగి ముద్రలు పోగు చేసింది కూడా ఆమే అని అందరూ నమ్మారు. మిగిలిన ఇరవై తొమ్మిది ఇండ్ల వాళ్లు కూడా తాము బయటపడితే చాలని అదే మాట అన్నారు. అవి యుద్ధం రోజులు. నూలు కార్డు మీద తప్ప దొరికేది కాదు. మా అత్త కార్డు పట్టుకొని డిపోకు పోతే ఆయన కూర్చున్న చోటు నుంచి లేవకుండానే అన్నాడు:

"వేలు గాడ పెట్టినవు గదా. నూలు గూడ గాడనే తీస్కోపో."

"నేను పెట్టలే" అంది ఆమె.

"మరెవరు పెట్టిన్రు? నీ వేలు ఒక్కటే నడ్సుకుంట పోయిందా?"

డిపోలో ఉన్నవాళ్లంతా నవ్వారట. ఆ నవ్వే ఆమె వాడలో ఎక్కడికి పోయినా వెంట వచ్చింది. బావి దగ్గర ఒక ఆడామె మమ్మల్ని చూసి బిందె పక్కకు జరుపుకునేది. "పెద్ద సాక్షి వస్తున్నది, జరుగున్రి. నీళ్లల్ల గూడ ముద్రేస్తది" అనేది. పడుగులు అతకడానికి పిలవడం మానేశారు. పని రాని పిల్లల చేత చేయించుకొని, పోగులు ఊడిపోతుంటే ఊడనిచ్చారు కానీ ఆమెను పిలవలేదు. మా మగ్గం ఆగిపోయింది. పెండ్లయి ఏడు నెలలు కాకముందే మా ఆయన మగ్గాల పని వెతుక్కుంటూ భీవండికి పోయాడు.

ఆయన ఎక్కిన బండి కనబడకుండా పోయేదాకా నిలబడి, ఎల్లమ్మకు మొక్కుకున్నాను. ఆ రంగుల కార్ఖానా వాని చెయ్యి పుచ్చి రాలిపోవాలని మొక్కుకున్నాను. మంచి కోడలినని మా అత్త నన్ను అందరి దగ్గరా మెచ్చుకునేది. నా లోపల ఏముందో ఆమెకు అప్పుడు తెలియదు.

రెండేండ్లకు ఆ అర్జీ విచారణకు వచ్చింది. మా అత్తతో పాటు నేను కూడా ముసుగు వేసుకొని కచ్చేరికి పోయాను. డిపో ఆయన వకీలు, ముద్రలు ఆ సాక్షులవేనా కాదా చూడాలని అడిగాడు. మొదటి పేరు కాబట్టి మా అత్తనే ముందు పిలిచారు. సిరా పూసి తెల్ల కాగితం మీద ఆమె బొటనవేలు నొక్కించారు. నల్లటి మచ్చ పడింది, గీత ఒక్కటి లేదు. వేలు తుడిచి మళ్లీ నొక్కించారు. ఆరుసార్లు అట్లాగే వచ్చింది. మున్సిఫ్ సాబు అద్దం పెట్టి ఆ కాగితాన్నీ చూశాడు, ఆమె వేలునూ చూశాడు.

"గీతలేమైనయి అవ్వా?"

"పోగులు తిన్నయి సర్కార్."

అర్జీ మీద ఆమె పేరు ఎదురుగా ఉన్న ముద్రలో మాత్రం గీతలు సుడులు సుడులుగా ముచ్చటగా ఉన్నాయి. మిగిలిన ఇరవై తొమ్మిదిలో సగానికి పైగా అదే సుడి ఉంది. అప్పుడు కార్ఖానా వాని వేలు నొక్కించారు. ఆ సుడి వానిదే. నేతగాళ్ల వాడలో ఓట్లు అడగడానికి ఇల్లిల్లూ తిరిగినవాడు, ఏ ఇంట్లోనూ పడుగు అతికేవాళ్ల చేతుల వంక చూడలేదన్న మాట. నాకు ముసుగులో నవ్వు వచ్చింది. రెండేండ్ల తర్వాత వచ్చిన నవ్వు అది.

నేరం రుజువైంది. శిక్ష చెప్పేముందు నష్టపడ్డ వాళ్లు ఏమైనా చెప్పుకోదలిస్తే రాసి ఇవ్వవచ్చని వకీలు కబురు పంపాడు. మా అత్త మగ్గం గుంట అంచున కూర్చొని నాతో రాయించింది.

"రాయి బిడ్డా. సర్కారుకు దండం. వీడు రెండేండ్లు నన్ను అబద్ధాలదాన్ని జేసిండు. మల్ల ఎన్నడు ఏ ఎన్నికల గూడ వీణ్ణి నిలవడనియ్యొద్దు. గా ముప్పై ఇండ్ల ముంగట నిలవడి, గా వేలు వీళ్లది కాదు, నాది అని గట్టిగ చెప్పాలె." నేను రాయడం అయ్యేదాకా చూసింది. "జైలుకు మాత్రం పంపొద్దు. వానికి పెండ్లాం, ముగ్గురు పిల్లలున్నరు. వాళ్లేం జేసిన్రు?"

నేను కలం ఆపాను. ఆమెకు ఎన్నడూ ఎదురు చెప్పనిదాన్ని, ఆ రోజు చెప్పాను.

"నీ కొడుకు భీవండి పోయిండు గదా అత్తమ్మా. నేనేం జేసిన?"

"అందుకే చెప్తున్న. నీకు పడ్డది ఇంకోదానికి పడొద్దు. తెగిన జాగ ఒకటి, అతికే జాగ ఒకటైతే ఎట్లనే? రాయి."

నేను తల వంచుకొని కలం కదిపాను కానీ ఆ మాట రాయలేదు. ఎన్నికల మాట రాశాను, ముప్పై ఇండ్ల మాట రాశాను, జైలు వద్దన్న మాట వదిలేశాను. చదివి వినిపించమంది. కాగితం మీద లేని ఆ మాటను ఉన్నట్టే చదివాను. ఆమె తృప్తిగా తల ఊపి, వేలుకు సిరా పూయించుకొని కింద నొక్కింది. గీతలు లేని నల్లటి మచ్చ పడింది. ఆ రంగుల కార్ఖానా వాడు ఏం చేశాడో నేనూ అదే చేశానని ఆ క్షణంలో నాకు తోచలేదు. వాడు జైలుకు పోతాడన్నది ఒక్కటే తోచింది.

కచ్చేరి గుమాస్తా పేష్కారు ఆ కాగితాన్ని ఉర్దూలో చదివి, మా కోసం తెలుగులో మళ్లీ చెప్పాడు. మున్సిఫ్ సాబు అడిగాడు, "గింతేనా అవ్వా? ఇంకేమన్న ఉన్నదా?"

మా అత్త నా వైపు తిరిగింది. నా ముఖానికి ముసుగు ఉంది కానీ చేతులు బయట ఉన్నాయి. ఆ చేతులు కొంగు కొసను మెలి తిప్పడం చూసింది. తాను అబద్ధం చెప్పలేదని రెండేండ్లు వాడ వాడంతా తిరిగి చెప్పుకున్న మనిషి, సర్కారు ముందు నిలబడి, "గంతే సర్కార్" అంది.

మూడు నెలల ఖైదు వేశారు. ఇక మీద ఎన్నికల్లో నిలబడకూడదన్నారు. ముప్పై ఇండ్ల ముందు చెప్పించడం చట్టంలో లేదని మున్సిఫ్ సాబు నవ్వాడు. వాణ్ణి జవాన్లు తీసుకుపోతుంటే ముసుగు కొంచెం ఎత్తి కండ్ల నిండా చూశాను.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఆమె అంది: "కోడలా, నేను చెప్పిన మాటొకటి తొవ్వల పడిపోయినట్టున్నది."

నేను ముసుగు ఇంకా కిందికి లాక్కున్నాను.

"ఆ వేలు నాది కాదని ఒకసారి చెప్పిన. రెండోసారి గీ కాగితం గూడ నాది కాదంటే నగుతరు" అని, అంతటితో వదిలేసింది. వదిలేసిందని నేను అనుకున్నాను.

ఆ వారమే శనివారం పొద్దున గంపలో జొన్నపిండి పోసి నా చేతికి ఇచ్చింది. "రంగుల కార్ఖానా ఇంట్ల ఇచ్చి రాపో."

"నేను పోను అత్తమ్మా."

"వానికి మూడు నెలలు పడ్డది. నీకు గూడ మూడు నెలలే. సమానం."

మూడు నెలలు, ప్రతి శనివారం, ఆ వాకిట్లో నిలబడ్డాను. రంగు కాగులు బోర్లించి ఉండేవి. మొదటి రోజు ఆ ఇంటామె గంప చూసి, "మీ ఇంటికి గింత జేసినోని ఇల్లిది. ఎందుకు తెచ్చినవు చెల్లె?" అంది. నేను గంప కింద పెట్టి వచ్చాను. వాళ్ల చిన్నపిల్ల ఖాళీ గంప నెత్తిన బోర్లించుకొని వాడ చివరి దాకా నా వెంట వచ్చేది. ఆ పిల్లను చూస్తే కడుపు తరుక్కుపోయేది. దాని నాయినను తలుచుకుంటే అదే కడుపు మండేది. మంట తగ్గిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. తగ్గలేదు.

వాడ మళ్లీ మా అత్తను పిలిచింది. డిపో నుంచి నూలు వచ్చింది. ఏడాదికి మా ఆయన కూడా వచ్చాడు. బావి దగ్గర మాటలన్న ఆడామె ఇంటికి పోయి కూడా మా అత్త పడుగు అతికింది. ఆ ఆడామె చెంబుతో నీళ్లు ఇవ్వబోతే మాత్రం, "వద్దమ్మా, ముద్ర వడ్తది" అందట. ఆ మాట ఇంటికి వచ్చి నాకు చెప్పి, చుట్ట ఆరిపోయేదాకా నవ్వింది. నాతో ఉత్తరం రాయించినప్పుడల్లా చివరకు ఒకటే మాట అనేది: "రాసింది చదువు బిడ్డా. రాయనిది చదువకు." కోపంగా అనేది కాదు. నాలుగేండ్లలో మరి ఒక్క మాట అనలేదు.

పోయిన శనివారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు వాడంతా వచ్చింది. రంగుల కార్ఖానా వాడు కూడా కొత్త తెల్లబట్ట పట్టుకొని వచ్చాడు. జైలు నుంచి వచ్చి ఇన్నేండ్లయినా ఏ ఇంటి ముందూ నిలబడి ఆ వేలు తనదన్న మాట చెప్పలేదు వాడు. నేను లేచి అడ్డంగా నిలబడ్డాను.

"గాడనే ఆగున్రి."

నా గొంతు ఎట్లా ఉంటుందో వాడలో చాలామందికి ఆ రోజే తెలిసింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"గా వేలు ఎవరిదో చెప్పున్రి."

"గిప్పుడెందుకు బిడ్డా, చావు కాడ..."

"చెప్పు."

"నాది" అన్నాడు, కాళ్ల వైపు చూస్తూ.

"గట్టిగ చెప్పు. ఆమెకు వినవడాలె."

"గా వేలు ఆమెది కాదు. నాది."

"ఇంకా గట్టిగ."

మూడోసారి వాడు వాడ చివరి దాకా వినబడేట్టు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. అప్పుడు జరిగి దారి ఇచ్చాను. శవం ముందు నిలబడి సంతోషపడ్డాను, దాచను. ఆ ఒక్క ఇంటి ముందైనా ఆమె అడిగిన శిక్ష అమలైంది.

వాడు బట్ట కప్పి పోయిన తర్వాత నా వంతు ఉండింది. అంత మందిలో నాకు మళ్లీ నోరు రాలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. శిక్ష గురించి కచ్చేరికి ఇచ్చిన కాగితం మీది వేలు ఆమెది. అందులో జైలు వద్దన్న మాట లేకపోవడం నా పని. మూడు నెలల జైలుకు నాకు విచారం లేదు. ఆమె వేలును అట్లా వాడుకున్నందుకు ఉంది.

ఆమె అతుకుతూ వదిలిన పడుగు మగ్గం మీద అట్లాగే ఉంది. సగం దాటింది. నిన్నటి నుంచి మిగిలింది నేను అతుకుతున్నాను. ఆమె అతికిన చోట చేత్తో నిమిరితే ఏమీ తగలదు. నావి మొదలైన చోట నూగు నూగుగా తగులుతున్నాయి. మూకుడు పక్కన పెట్టుకొని మళ్లీ వేలు బూడిదలో అద్దుతాను. బొటనవేలి మీది గీతలు ఒక్కటి కూడా పోకుండా అన్నీ తెల్లగా తేలి కనబడుతున్నాయి.