గొంతు దారిలో గాలి

చిట్టి వాళ్ళమ్మ ఒకటో తరగతి టీచరు. మేడ మీంచి ఆవిడ ఒక్క కేక వేస్తే, వీధి చివర ఆడుకుంటున్న చిట్టితో పాటు సంబంధం లేని పిల్లలు కూడా బుద్ధిగా ఇళ్ళకు పోయేవాళ్ళు. "మీ ఇంటికి మైకు ఖర్చు లేదమ్మా" అని పక్కింటి పిన్నిగారు నవ్వేది.

చిట్టి ఇంజనీరింగ్ చదువుతుండగా ఆ గొంతులో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు. తీసేశారు. ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. లోపల, ఊపిరి గొట్టానికీ ఆహారం దిగే గొట్టానికీ మధ్య, బుల్లి రబ్బరు కవాటం ఒకటి పెట్టారు. "రంధ్రాన్ని వేలితో మూసి గాలి వదలండి, మాటొస్తుంది" అన్నాడు డాక్టరు. వచ్చింది, గరగరమంటూ, బొంగురుగా. టీచరమ్మ ఆ మాట తన చెవులతో తనే విని చటుక్కున వేలు తీసేసింది. ఆ తర్వాత ఇంట్లో ఏం కావాలన్నా చప్పట్లే.

కాలేజీలో చిట్టికి ప్రాణమైన పాఠం ప్రవాహాలు. గొట్టంలో నీళ్ళు ఎక్కడ నెమ్మదిస్తాయి, ఎక్కడ సుడి తిరుగుతాయి అన్నది కంప్యూటర్లో చూడాలంటే, ఆ గొట్టం లోపలి భాగాన్ని లక్షల గడులుగా విడగొట్టి, గడిగడికీ వేగం, ఒత్తిడి లెక్కగట్టాలి. బీటెక్ ప్రాజెక్టు పంపు రెక్కల మీద చేసింది. ఎంటెక్‌లోనూ పంపులే. పీహెచ్‌డీలో చేరేసరికి "పంపుల పిల్ల" అని పేరు పడిపోయింది. గైడు మేడమ్ కూడా ఆ పనే ఇవ్వబోయింది.

"మేడమ్, నేను గొంతు కవాటం మీద చేస్తాను. అందులోంచి గాలి ఎలా పోతుందో."

"ఎవరికుంది?"

"అమ్మకి."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడమ్మా, ఇంటి బాధని తెచ్చి లెక్కలో పెడితే తప్పు కూడా ఒప్పులాగే కనిపిస్తుంది. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను మేడమ్."

తెర మీద గాలి నీలం నుంచి ఎరుపుకు మారుతూ పారేది. అది చూస్తున్నంతసేపూ చిట్టికి అమ్మ పాత గొంతే మనసులో మెదిలేది. ఒక్కసారి వింటే చాలనిపించేది. పాత పెళ్ళి వీడియోలన్నీ తిరగేసింది. అన్నిట్లోనూ బ్యాండు మోతే. అయినా రోజూ వినే గొంతును ఎవరు మాత్రం దాచుకుంటారు?

కొన్నాళ్ళకు లెక్క తేలింది. కవాటం మూత అంచు వంపు మారిస్తే సగం ఊపిరితోనే మాటొస్తుంది! చిట్టి కాళ్ళు నేల మీద ఆనలేదు. మేడమ్ కాగితాలన్నీ నిదానంగా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మూత ఎంత బిరుసుగా ఉంటుందనుకున్నావు?"

చిట్టి ముఖం వాడిపోయింది. మూత గాలికి ఆకులా ఊగుతుందనుకుని లెక్క కట్టింది. నిజం రబ్బరు అంత మెత్తగా ఉండదు. సరిదిద్ది, ల్యాబులో కొలిచి చూస్తే లాభం ఉంది గానీ కొంచెమే.

ఆ వారం ఇంటికెళ్ళి అమ్మ దగ్గర బావురుమంది. "సగం అనుకున్నానమ్మా. ఇసుమంతే వచ్చింది." టీచరమ్మ వీపు నిమిరి, వెనక్కి వెళ్ళి పని చేసుకోమన్నట్టు వీధివైపు చెయ్యి చూపించింది.

పరిశోధన పూర్తయి, అందరి ముందూ వివరించే రోజు వచ్చింది. టీచరమ్మ మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని ఆఖరి వరుసలో కూర్చుంది. పరీక్షకులను చూడగానే చిట్టి తెర వైపు తిరిగి గొణగడం మొదలుపెట్టింది. మాటలు నోట్లోనే నలుగుతున్నాయి.

"గట్టిగా చెప్పు. వెనక వినపడట్లేదు."

బొంగురు గొంతు. హాలంతా వెనక్కి తిరిగింది. టీచరమ్మ వేలు ఇంకా మెడ మీదే ఉంది. "నన్నెందుకు చూస్తారు? అటు చూడండి" అంది. అందరూ గొల్లున నవ్వారు. చిట్టి కళ్ళు తుడుచుకుని, ఆఖరి దాకా గట్టిగానే చెప్పింది.

డాక్టరేటు వచ్చింది. కవాటాలు తయారుచేసే చోటే ఉద్యోగమూ దొరికింది. ఆ వంపు కొత్త కవాటాల్లోకి ఎక్కింది. టీచరమ్మకీ అదే పెట్టారు. ఆయాసం కాస్త తగ్గిందంటుంది. ఇప్పుడు ఫోను పట్టుకుంటే వదలదు. తిండి దగ్గర్నుంచి తలకు నూనె దాకా అన్నిటికీ చీవాట్లే.

మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు, ఇద్దరూ బట్టలు మడతపెడుతుంటే చిట్టి అడిగింది.

"అమ్మా, నీ పాత గొంతు నీకు గుర్తుందా?"

"కలలో దాంతోనే మాట్లాడతానే."

"ఏం మాట్లాడతావు?"

"లేచాక గుర్తుండదు."

చిట్టి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "నాకు ఆ గొంతు కలలో కూడా వినపడట్లేదమ్మా" అంది.

టీచరమ్మ మెడ మీంచి వేలు తీసేసింది. మడతపెట్టిన బట్టలు పక్కకు జరిపి, కూతుర్ని దగ్గరకు లాక్కుంది.