త్రివేణి మేడం నోట్స్, తొమ్మిదో పేజీ

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లల్ని ఎవరినైనా ఆపి, ఇంగ్లిష్‌కి ఏం చదువుతున్నావని అడగండి. సంచిలోంచి అరవై నాలుగు పేజీల జిరాక్స్ కట్ట తీసి చూపిస్తారు. అంతా చేతిరాత, గుండ్రటి అక్షరాలు. పైన 'త్రివేణి మేడం నోట్స్' అని ఉంటుంది. ఆ మేడం ఎవరు, ఎక్కడుంటుంది అంటే మాత్రం సగం మందికి తెలియదు. ఆవిడ అక్కడికి పది నిమిషాల నడకలో, చిక్కడపల్లి సందులో, రెండో అంతస్తులో తల్లితో కలిసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆవిడకు కాలు ఒకచోట నిలవడం లేదు.

సంగతేమిటంటే, ఆ నోట్స్‌లో తప్పుంది.

త్రివేణి చదివింది తెలుగు మీడియం. ఇంగ్లిష్ ఆమెకు ఇంట్లో రాలేదు, కాలేజీలోనూ రాలేదు. పగబట్టి నేర్చుకుంది. సర్కారు ఉద్యోగం కోసం రెండుసార్లు పరీక్ష రాసింది. రెండుసార్లూ ఇంగ్లిష్ ముంచింది, రెండోసారి సరిగ్గా ఒక్క మార్కుతో. మూడోసారి కసిగా పుస్తకాలు ముందేసుకుని, తనకు అర్థమయ్యేలా, తన కోసం రాసుకున్న కాగితాలవి. అప్పుడావిడకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం మూడోసారీ రాలేదు గానీ, ఆ కాగితాలు చూసిన ఒక కోచింగ్ సెంటరు వాళ్లు పాఠం చెప్పమన్నారు. పదిహేనేళ్లుగా చెబుతూనే ఉంది. మొదటి బ్యాచ్‌లో ఎవరో ఆ కాగితాలు ఒక్క పూటకి ఇమ్మని తీసుకెళ్లారు. ఆ పూటే అవి జిరాక్స్ షాపు ఎక్కాయి, మళ్లీ దిగలేదు.

ఆవిడకు పేరు తెచ్చింది రిపోర్టెడ్ స్పీచ్. ఒకరన్న మాటను ఇంకొకరు చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌లో క్రియ కాలం మారుతుంది. మనకు ఆ గొడవ లేదు. వస్తానన్నాడు అంటే సరిపోయింది, వాడి మాట వాడు అన్నట్టే ఉంటుంది. ఇంగ్లిష్‌వాడు మాత్రం ఆ 'వస్తాను'ని కూడా వెనక్కి నెడతాడు. ఎప్పుడు నెట్టాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియక పిల్లలు తలలు పట్టుకుంటారు. త్రివేణి దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. తొమ్మిదో పేజీ అడుగున, డబ్బా గీసి, పక్కన చుక్క పెట్టి మరీ రాసింది: 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి నిత్యసత్యాలు తప్ప, మిగతాదంతా ఒక మెట్టు వెనక్కి. ఇంకో మినహాయింపు లేదు.' ఇరవై ఆరేళ్లప్పుడు మనిషికి ఆ మాత్రం ధైర్యం ఉంటుంది. కింద ఉదాహరణ కూడా ఇచ్చింది. 'నాకు రెక్కలుంటే ఎగిరేవాణ్ణి' అని ఒకడన్నాడట, దాన్నీ వెనక్కి జరపాలట.

జరపకూడదు. అది వట్టి ఊహ. వాడికి రెక్కలు రాలేదు, రావు. అలాంటి మాటను ఎవరు ఎప్పుడు చేరవేసినా క్రియ ఉన్నచోటే ఉంటుంది. శుక్రవారం ఏదో పరీక్షకు జవాబుల పట్టిక వచ్చింది, అందులో ఆ తరహా ప్రశ్నకు జవాబు వేరుగా ఉంది. వీళ్లకు ఇంగ్లిష్ రాదని త్రివేణి క్లాసులోనే నవ్వేసింది. నవ్విందే గానీ మనసు ఊరుకోలేదు. బాగ్ లింగంపల్లిలో రీడింగ్ రూముకి వెళ్లి లావుపాటి గ్రామర్ పుస్తకం తీసింది. ఒకటి చాలక మూడు తీసింది. మూడూ ఒకే మాట చెప్పాయి. ఆవిడ కుర్చీ లోంచి లేచిన విసురుకి పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

ఆదివారం ఇంకో పెద్ద పరీక్ష ఉంది. ఆ ప్రశ్న అందులోనూ రావచ్చు. ఒక్క మార్కు పోవడమంటే ఏమిటో త్రివేణికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

శనివారం పొద్దున తల్లి లక్ష్మి టీ గ్లాసు పట్టుకుని కూతురి వెనకే తిరిగింది.

"లేచినకాడి నుంచి చూస్తున్న. కిటికీ కాడికి పోతవ్, ఇట్లొస్తవ్. ఏమైందే?"

"తప్పు రాసినమ్మా. అందరు గదే చదువుతున్నరు."

"అయితే దిద్దు. గంతే కదా?"

"యాడని దిద్దాలె? ఎవల చేతుల ఉన్నయో నాకేం తెలుసు?"

టీ తాగకుండానే మెట్లు దిగి, నేరుగా సెంటరుకి వెళ్లింది. డైరెక్టర్ పవన్‌కుమార్ ఆవిడకంటే ఐదేళ్లు చిన్న. సంగతి విని లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"మేడం, మీకు దండం పెడత. వాట్సాప్ గ్రూపుల మాత్రం పెట్టొద్దు. రేపు పరీక్ష పెట్టుకొని ఇయ్యాల నోట్స్‌ల తప్పుందంటే పిల్లలు ఆగమైతరు. మన పేరు ఖరాబైతది. పరీక్ష అయినంక మెల్లగ దిద్దుకుందాం."

"అయినంక ఎందుకు పవన్? అప్పటికి వాళ్ల మార్కు పోతది."

"ఒక్క మార్కే కద మేడం."

ఆ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకునేదేమో. ఒక్కో మార్కు పేరు చెప్పి పిల్లల్ని సెంటరులో చేర్చుకునే మనిషి నోట విని త్రివేణికి ఒళ్లు మండిపోయింది.

"పెడితే?"

"పెడితే సోమవారం సంది మీరు రాకున్నా పర్వాలేదు మేడం."

ఆవిడ అతని ఎదుటే ఫోను తీసి గ్రూపులో పెట్టేసింది. గ్రూపులో ఉన్నది నూట ఎనభై మంది. నోట్స్ చదివేది ఎందరో దేవుడికే తెలియాలి.

అక్కణ్నుంచి జిరాక్స్ షాపుల మీద పడింది. మొదటి షాపు కిషన్ రావు అనే పెద్దమనిషిది. ఆయన ఆవిడని గుర్తుపట్టలేదు.

"త్రివేణి మేడం నోట్సా? పొద్దుగాల అరవై సెట్లు పోయినయ్ అమ్మా. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. అసలుది ఏడున్నదో నాక్కూడ తెల్వది."

బతిమాలి, ఆయన దగ్గర మిగిలిన సెట్టులో ఆ డబ్బాని పెన్నుతో కొట్టేసింది. ఇంకో షాపు, ఇంకో షాపు. చీకటి పడేసరికి పదకొండు షాపులు తిరిగింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఇప్పటికే పోయిన కట్టలన్నీ ఆదివారం పొద్దున ఎక్కడ చేరతాయో ఆలోచించింది.

తెల్లవారాక నారాయణగూడ వెళ్లింది. పరీక్ష జరిగే కాలేజీ గేటు ఇంకా తెరవలేదు. ఫ్లైఓవర్ పక్క ఫుట్‌పాత్ పొడుగునా పిల్లలు కూర్చుని ఆఖరిసారి తిరగేస్తున్నారు, ఎవరి ఒళ్లో చూసినా తన చేతిరాతే. మొట్టమొదట కనిపించిన అమ్మాయి దగ్గర వంగింది. ఆ పిల్ల పేరు మంగ. పాలమూరు నుంచి వచ్చి బస్తీలో ఉంటున్న కుటుంబం. మేస్త్రీ దగ్గర కూలి పని చేసే తల్లి కురుమమ్మ ఆ పూట పని మానుకుని కూతురి సంచి పట్టుకుని కూర్చుంది.

"చెల్లే, తొమ్మిదో పేజీ కింద డబ్బా కొట్టెయ్. అది తప్పు."

మంగ తలెత్తలేదు. "ఇది త్రివేణి మేడం నోట్స్ అక్కా."

"తెలుసు. అందులనే తప్పున్నది."

"మేడం కంటె మీకెక్కువ తెలుసా?"

చుట్టుపక్కల నవ్వులు వినిపించాయి. వేరే సెంటరు వాళ్లు పంపి ఉంటారని ఒకడన్నాడు. త్రివేణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పదిహేనేళ్లుగా మురిసిపోయిన పేరు ఈ వేళ తన మాటే చెల్లనివ్వడం లేదు.

"నేనే త్రివేణిని," అంది.

మంగ ఆవిడని కిందినుంచి పైకి చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు, చెమటకి అంటుకుపోయిన జుట్టు. నమ్మినట్టు లేదు. అప్పుడు కురుమమ్మ కల్పించుకుంది. ఆమెకు చదువు రాదు.

"బిడ్డా, గామెను నాలుగు అచ్చరాలు రాయమను. ఎవల రాత వాళ్లదే ఉంటది కదా."

త్రివేణి పెన్ను తీసుకుని మార్జిన్‌లో రాసింది: 'ఊహ అయితే కాలం మారదు.' మంగ రెండు రాతల్నీ పక్కపక్కన చూసింది. ఏడాదిగా రోజూ చదివిన చేతిరాత అది. గుర్తుపట్టడానికి నిమిషం పట్టలేదు. "మేడం!" అని లేచి నిలబడింది. ఆ కేకకి జనం మూగారు. డబ్బాలు వరసగా కొట్టేశారు, తెలియని వాళ్లకి తెలిసినవాళ్లు అరిచి చెప్పారు. త్రివేణికి రెండు రోజుల తర్వాత కాస్త ఊపిరాడింది.

మంగ మిగతా పేజీలు గబగబా తిరగేసి తలెత్తింది.

"మేడం, ఇంకేమన్న తప్పులున్నయా ఇందుల?"

అందరూ ఆవిడ ముఖంలోకే చూశారు. లేవంటే వాళ్లు నిశ్చింతగా లోపలికి పోతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మిగతా అరవై మూడు పేజీలూ రాసింది ఆ ఇరవై ఆరేళ్ల పిల్లే. తర్వాత ఒక్కసారైనా వాటిని అనుమానంతో చదివింది లేదు.

"నాకు తెల్వదు," అంది.

గేటు తెరిచారు. పిల్లలు తోసుకుంటూ కదిలారు. మంగ తన కట్టని ఆవిడ చేతిలో పెట్టింది.

"లోపటికి తీస్కపోనియ్యరు మేడం. నేనొచ్చేదాక చూడుండ్రి."

త్రివేణి కురుమమ్మ పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుని మొదటి పేజీ తెరిచింది. రెండోది దాటకముందే పెన్ను మూత తీయాల్సి వచ్చింది.