మూడో రాయి

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. నాకప్పుడు పదిహేడేళ్లు. మాచర్ల నుంచి మా చర్చివాళ్లం బస్సు మాట్లాడుకుని, ఎత్తిపోతల దగ్గర గుడారాలేసుకుని రెండు రోజులుందామని బయలుదేరాం. కొండదారి చానా బాగుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నెట్టడం కూడా మాకు సరదాగానే ఉంది.

ఆఖరి ఎత్తు మీద బస్సు మొరాయించింది. "బొగ్గు మళ్లీ రాజుకోవాలమ్మా, ఈలోగా వంట కానియ్యండి" అన్నాడు డ్రైవరు. మా మేనత్త బస్సు వెనక నీడలో దుప్పటి పరుచుకుని పడుకుంది. "ఏమే, తొందరగా పొయ్యి పెట్టు, ఆకలేస్తంది" అంది.

పొయ్యికి రెండు రాళ్లు దొరికాయి. మూడోది వెనక చక్రం దగ్గర కనిపించింది, చదునుగా, సరిగ్గా సరిపోయేట్టు. లాగితే వచ్చేసింది. బస్సు కదల్లేదు.

ఎసట్లో బియ్యం పోస్తుండగా కదిలింది. అత్త కేక కూడా సగంలోనే ఆగిపోయింది.

మా బాబాయి డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు. "చక్రానికి రాయెందుకు పెట్టలేదురా?"

"నా చేత్తో పెట్టానయ్యా, నా బిడ్డల మీద ఒట్టు!"

"మరి ఏదిరా?"

అది నా కుండ కింద కాలుతోంది. నేను నోరు విప్పలేదు. కోర్టులో అతనికి జైలు పడింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ డ్రైవరు బిడ్డలెవరైనా ఈ పేజీ చదువుతుంటే ఒక్క మాట. మీ నాన్న రాయి పెట్టాడు నాయనా.